చెరువు కోసం మాతో నిలబడ్డవాళ్లందరికీ కృతజ్ఞతలు

చెరువు స్థలంలో బస్‌స్టాండు కట్టాలన్న ప్రతిపాదనను పోయిన వారం కౌన్సిల్ విరమించుకుంది. ఎవరికి ముందు చెప్పాలో తెలియక, మా వీధులన్నిటి తరఫునా అందరికీ కలిపి ఇక్కడే రాస్తున్నాను.

మీ పర్యావరణ బృందం దగ్గరికి వచ్చేసరికి మా చేతిలో ఉన్నది సంతకాల కాగితం ఒక్కటే. మీరు దాన్ని మొత్తం చదివి, "అభ్యంతరాలకు గడువు ఎప్పటిదాకా?" అని అడిగారు. అలాంటి గడువు ఒకటి ఉంటుందనే మాకు తెలియదు. చూస్తే పదకొండు రోజులే మిగిలాయి. ఆ టెన్షన్‌లో మమ్మల్ని కూర్చోబెట్టి ఎవరెవరు ఏం రాయాలో పంచిన అక్కకు వేల దండాలు.

సర్వే పనిలో జీవితమంతా గడిపి రిటైరైన మా పెద్ద సార్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ప్లాన్‌లో ఎండాకాలం నీళ్లు ఉన్నంతవరకే చెరువుగా చూపించారు. ఆయన పాత మ్యాప్ మీద ట్రేసింగ్ పేపర్ పరిచి, పెన్సిల్‌తో మెల్లగా గీత గీస్తూ, "చెరువు హద్దు ఇవాళ్టి నీళ్లను బట్టి కాదమ్మా, చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే అలుగు మట్టాన్ని బట్టి" అన్నారు. మర్నాడు పొద్దున్నే మాతో వచ్చి, మోకాళ్ల లోతు తుంగలో నిలబడి లెవెల్స్ తీసుకున్నారు. బస్‌స్టాండుకు అనుకున్న స్థలం సగానికి పైగా అలుగు మట్టం కంటే కిందే ఉందని తేలింది. వాన నీళ్లు ఆగే చోటును మట్టితో పూడిస్తే ఆ నీళ్లు ఎక్కడికీ పోవు, పల్లపు వీధుల్లోకే వస్తాయి. మాకు కళ్లెదుట తెలిసిన సంగతే, కానీ అంకెల్లో చూపించే దారి ఆయనే చూపారు.

అభ్యంతరం రాసిపెట్టిన లాయరమ్మకు మరీ రుణపడి ఉన్నాం. "ఏడాదిలో సగం ఎండిపోయేది చిత్తడి నేల ఎలా అవుతుంది?" అన్న ప్రశ్న వస్తుందని ముందే ఊహించారు. 1971లో ఇరాన్‌లోని రామ్‌సర్‌లో కుదిరిన ఒప్పందం మొదటి అధికరణంలోనే, సహజమైనవైనా మనుషులు తవ్వినవైనా, నీళ్లు ఏడాదంతా ఉన్నా కొన్నాళ్లే ఉన్నా చిత్తడి నేలలే అని ఉందట. ఆ వాక్యం మా కాగితంలో మొదటి పేజీకెక్కింది. అధికారుల దగ్గరున్న పర్యావరణ సమాచారం ప్రజలకు అందాలని, నిర్ణయాల్లో వాళ్లకు చోటుండాలని చెప్పే 1992 రియో ప్రకటన పదో సూత్రాన్ని కూడా జతచేసి, స్థల పరిశీలన నివేదిక ఇప్పించమని అడిగారు. మేం ప్రేమతో రాసుకున్న మాటలు మాత్రం ఒక్కటీ కొట్టేయలేదు. ప్రతి మాట కిందా ఒక ఆధారం పెట్టించారు, అంతే.

కౌన్సిల్‌లోనూ మా మాట విన్నవాళ్లున్నారు. విచారణ అయ్యాక ఎవరూ పిలవకుండానే వచ్చి అలుగు దాకా నడిచి చూసిన ఇంజనీరు గారికి, కొత్త స్థలం వెతకడానికి ఒప్పుకున్న సభ్యులకు నమస్కారాలు. ఆ రోజు కూలి మానుకుని వచ్చి, చివరి వరుసలో చివరిదాకా కూర్చున్నవాళ్లను నేను మర్చిపోలేను.

ఇంకా పని ఉంది. చెరువు హద్దు మాస్టర్ ప్లాన్‌లోకి ఎక్కాలి, పూడిపోయిన కాలువ తెరవాలి. ఆ ట్రేసింగ్ పేపర్ మా దగ్గర భద్రంగా ఉంది సార్. హద్దురాళ్లు పాతే రోజున అది పట్టుకుని మీరే ముందు నడవాలి.