వార్షిక నివేదిక: సినిమా క్లిప్పులతో థీమ్ పాఠాలు, ఈ ఏడాది మన సంఘం పని

సభ్యులందరికీ నమస్కారం. మన సంఘం ఎందుకు పెట్టుకున్నామో అందరికీ తెలుసు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తున్నా.

ఈ ఏడాది మన శ్రమంతా ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకి సినిమా క్లిప్పులతో కథలో థీమ్ (కథ మొత్తం కలిసి జీవితం గురించి చెప్పే మాట) పట్టుకోవడం నేర్పించడం మీదే పెట్టాం. అందులో గర్వంగా చెప్పుకోవాల్సింది టీచర్ల వర్క్‌షాప్. అక్కడే పిల్లల్ని కూర్చోబెట్టి ఫైండింగ్ నీమో (2003) అనే యానిమేషన్ సినిమాతో డెమో క్లాస్ చేశాం. భార్యనీ గుడ్లనీ పోగొట్టుకుని ఒక్క గుడ్డుతో తండ్రి చేప మిగిలిపోయే మొదటి సీను (కొంచెం గట్టి సీనే, పిల్లలకి ముందే చెప్పి చూపించాలి), తర్వాత తిమింగలం నోట్లో తండ్రి, కొడుకు నీమోకి ఏమీ జరగనివ్వనని మాటిచ్చాను అంటే, ఏమీ జరగనివ్వకపోతే వాడికి ఇక ఎప్పటికీ ఏమీ జరగదు కదా అని తోడున్న చేప డోరీ అనే సీను వేశాం. థీమ్ ఏంట్రా అంటే ఒకడు చేప తప్పిపోవడం అన్నాడు, అది కథ. ఇంకొకరు నాన్న ప్రేమ అన్నారు, అది టాపిక్ మాత్రమే. పెద్దల మాట వినాలి అని మరొకరు, అది నీతి. తండ్రి ఏం పోగొట్టుకున్నాడు, దానివల్ల ఏం చేస్తున్నాడు, చివరికి ఎక్కడ మారాడు అని అడిగి మళ్ళీ వేశాక ఒక అమ్మాయి "భయంతో పట్టుకుని కూర్చుంటే మనం కాపాడాలనుకున్నవాళ్ళే ఎదగరు" అని రాసింది, ఏ సీను చూసి అలా అందో కూడా చూపించింది. హాలంతా చప్పట్లు!

సినిమాలు చూపిస్తే చదవడం పోతుంది అని కొందరు సభ్యులు అన్నారు, నేను ఒప్పుకోను. తడబడుతూ చదివే పిల్లాడికి కూడా క్లాసులో అందరికీ దొరికిన ఆధారాలే దొరుకుతాయి, ఆలోచించడం మీదే దృష్టి పెడతాడు. కానీ అదే పీరియడ్‌లో అవే ప్రశ్నలతో ఒక చిన్న కథ చదివించి తీరాలి, లేకపోతే సినిమా దగ్గరే ఆగిపోతారు. క్లిప్ కూడా ఐదు నిమిషాలు దాటకూడదు, రెండోసారి సౌండ్ తీసేసి చూపించండి. అప్ (2009) మొదట్లో భార్యాభర్తల జీవితమంతా మాటల్లేకుండా నడిచే భాగం అందుకే బాగా పనికొస్తుంది, డైలాగ్ ఎత్తి రాసేసే వీలుండదు, పిల్లలు సొంతంగా వాక్యం కట్టాల్సిందే.

స్పీకర్లు మోసినవాళ్ళకి, క్లిప్పులు కట్ చేసి ఇచ్చినవాళ్ళకి, ప్రశ్నల షీట్లు టైప్ చేసిన టీచర్లకి, పిల్లల్ని పంపిన తల్లిదండ్రులకి, ప్రొజెక్టర్ ఇచ్చిన పెద్దాయనకి పేరుపేరునా కృతజ్ఞతలు. వాలంటీర్లుగా పేర్లిచ్చి ఆ రోజు ఫోన్ కూడా ఎత్తనివాళ్ళ సంగతి మాత్రం బాధేసింది, ఉన్న కొద్దిమందే పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడ్డారు. హాలు పర్మిషన్ కాగితం కోసం తిప్పించుకున్న అధికారులకి పిల్లల పని అంటే ఎందుకంత అలుసో అర్థం కాదు.

లెక్కలు ఆడిట్ అయ్యాయి, చందాలు ఖర్చుకి సరిపోయాయి, కాపీ కోశాధికారి దగ్గర ఉంది.

వచ్చే ఏడాదికి సొంత ప్రొజెక్టర్ కొనాలని, క్లిప్పులకి జత కథల లిస్టు తయారుచేయాలని తీర్మానం పెడుతున్నాం. లిస్టు పనికి వచ్చేవాళ్ళు సమావేశంలోనే పేరివ్వండి, ఇచ్చాక రండి.