లైసెన్సులో ఉన్న ముఖం ఎవరిది?

సంపాదకుల వారికి,

డ్రైవింగ్ లైసెన్సు కార్డు వెంట లేకపోయినా ఫోనులో చూపిస్తే చాలని మీ జిల్లా పేజీలో ఈమధ్య వార్త వేశారు. అప్పుడే రాయవలసింది, పెళ్లిళ్ల పనులతో తీరిక చిక్కలేదు. వార్తలో తప్పు లేదు. ప్రభుత్వ యాప్‌లైన డిజిలాకర్‌లో, ఎంపరివాహన్‌లో ఉన్న లైసెన్సును అసలు పత్రంతో సమానంగా చూడాలని కేంద్రం 2018లోనే చెప్పింది. మరి ఆ ఫోను తెర మీద కనిపించే ముఖం సంగతి ఎవరూ ఎత్తరేం?

నేను తిరుపతిలో ఫొటో స్టూడియో నడుపుతున్నాను. మనిషిని నిటారుగా కూర్చోబెట్టి, రెండు వైపులా వెలుతురు సరిచూసి ఫొటో తీస్తాం. తీశాక దాన్ని 20 కేబీకి కుదించి ఇమ్మంటారు, అంతకు మించితే లైసెన్సు దరఖాస్తులో ఎక్కదు. మామూలు ఫోనుతో తీసిన ఫొటోయే రెండు మూడు ఎంబీలు ఉంటున్న రోజులివి. అందులో నూరో వంతు కూడా పౌరుడి ముఖానికి దక్కదు. కుదించగానే ముందు కళ్లు పోతాయి. కనుపాప, రెప్ప కలిసి నల్లటి చుక్కవుతాయి. చామనఛాయ వారికి చెంప ఎక్కడ ముగిసిందో మెడ ఎక్కడ మొదలైందో తెలియదు. నుదుటి నామం తెల్లటి మరకగా మిగులుతుంది.

రవాణా కార్యాలయంలో తీసే ఫొటో ఇంకా అన్యాయం. నేను చూసిన చోట కంప్యూటర్‌కు తగిలించిన చిన్న కెమెరా, నెత్తిన ట్యూబులైటు, కూర్చున్న మనిషి వెనకే తెరిచిన కిటికీ. ఆ వెలుగుకు ముఖం నల్లబడక ఏమవుతుంది? తీసింది చూపించరు. చూపించమని అడిగిన ఒక అమ్మాయితో "ఇదేమీ పెళ్లిచూపుల ఫొటో కాదమ్మా" అనడం నా చెవులతో విన్నాను. ముప్పై ఏళ్ల లోపు తీసుకున్న సొంత వాహనాల లైసెన్సు నలభై ఏళ్లు వచ్చేదాకా చెల్లుతుంది. అన్నేళ్లు ఆ అమ్మాయి ఆ ముఖాన్నే చూపించుకుని తిరగాలి!

ఆధార్ ద్వారా ఇంటి నుంచే ఎల్ఎల్ఆర్ (బండి నేర్చుకునే వారికిచ్చే లైసెన్సు) తీసుకునే వారికి ఆధార్‌లోని ఫొటోయే వచ్చి పడుతుంది. పిల్లలకు పదిహేనేళ్లప్పుడు ఆధార్‌లో వేలిముద్రలతో పాటు ఫొటో కూడా మారుస్తారు. పద్దెనిమిది నిండి బండెక్కే కుర్రవాడి లైసెన్సులో మీసం రాని ముఖం ఉంటే తప్పు వాడిదా?

పైగా మనది తిరుపతి. మొక్కు తీర్చుకుని తలనీలాలు ఇచ్చేవారు లేని వీధి ఈ ఊళ్లో లేదు. నిండు జుట్టుతో ఉన్న మసక ఫొటోను గుండుతో నిలబడిన మనిషితో పోల్చుకోమంటే తనిఖీ చేసే పోలీసు మాత్రం ఏం చేస్తాడు? కళ్లు, ముక్కు, చెవుల ఆకారం తేటగా ఉంటే జుట్టు లేకపోయినా మనిషి తెలుస్తాడు. అవి చెరిపేశాక ఆ ఫొటో ఉండి ఏం లాభం? అద్దె కార్లు నడిపి బతికే డ్రైవర్లు, వెనక సీట్లో యాత్రికులను పెట్టుకుని, "ఇది నువ్వేనా" అనే ప్రశ్నకు రోడ్డు మీద జవాబు చెప్పుకోవలసి వస్తోంది.

గుర్తింపు పత్రం ఏది తీసుకున్నా ఇదే తీరు. సంఖ్య సరిపోతే చాలు, మనిషి ఎలా ఉన్నా ఫరవాలేదన్న అలసత్వం ఆఫీసుల్లో పేరుకుపోయింది. నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలు చూడండి, ఒక్కో వెంట్రుక లెక్కపెట్టవచ్చు. రుసుము కట్టి, పరీక్ష రాసి, బండి నడిపి చూపించిన మనిషి ముఖానికి ఆ పాటి విలువ లేదా?

ఆ 20 కేబీ హద్దు పెంచడం పైవారి చేతిలో పని, వారికి మన జిల్లా అధికారులు రాయాలి. ఇక్కడే చేయగలిగినవి చాలా ఉన్నాయి. కిటికీకి ఒక తెర కట్టండి. కెమెరాను కళ్ల ఎత్తుకు దించి, ఎదురుగా ఒక దీపం పెట్టండి. తీసిన ఫొటోను ఆ మనిషికి చూపించి, సరేనన్నాకే భద్రపరచండి. వెలుతురు ఎలా పెట్టాలో చూపించమంటే నేను ఏ రోజైనా వచ్చి ఊరికే చేసి పెడతాను. కళాశాలలు తెరిచాక పద్దెనిమిది నిండిన పిల్లలు గుంపులుగా వస్తారు, ఈలోపే ఆ తెరైనా కట్టించమని మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను.

– ఒక స్టూడియో ఫొటోగ్రాఫర్, తిరుపతి