ఒరేయ్ సూరీ, గ్రూప్ క్లాసులోనే చేరు

ఒరేయ్ సూరీ,

ఎలా ఉన్నావ్ రా. నీ మెసేజ్ చూశా. ఈ వయసులో టెన్నిస్ వస్తుందా, వస్తే కోచ్‌ని విడిగా పెట్టుకోవాలా లేక గ్రూప్‌లో చేరాలా అని రెండు లైన్లలో అడిగి పడేశావ్, అదే రెండు లైన్లలో జవాబిస్తే నాకు తృప్తి ఉండదు, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా, నువ్వూ తీరిగ్గా చదువు. ముందే చెప్పేస్తున్నా, గ్రూప్‌లో చేరు. మిగతాదంతా ఎందుకో ఏంటో చెప్పడానికే.

మా బ్యాచ్‌లో అందరూ పెద్దాళ్ళే. రిటైరైన ఒక పెద్దాయన, ఒక డెంటిస్ట్, ఆఫీసు బ్యాగులతో నేరుగా దిగిపోయే ఇద్దరు కుర్రాళ్ళు, పిల్లల్ని క్లాసుకి దింపి బెంచీ మీద కూర్చుని కూర్చుని విసుగొచ్చి తనే రాకెట్ పట్టేసిన ఒకావిడ, ఇలా ఉంటాం. ఎవరికీ కప్పులు గెలవాలని లేదు, నాలుగు బంతులు వరసగా నెట్ దాటితే చాలు పండగే.

మొదటి రోజే బేస్‌లైన్ దగ్గర, అంటే కోర్టు చివరి గీత దగ్గర, నిలబెట్టి బాదమనరు రా, ఆ భయం పెట్టుకోకు. నెట్‌కి 21 అడుగుల దూరంలో సర్వీస్ లైన్ ఉంటుంది కదా, దాని లోపలే ఎదురెదురుగా నిలబెట్టి బంతిని మెల్లగా అటూ ఇటూ వేసుకోమంటారు, మినీ టెన్నిస్ అంటారు దాన్ని. బంతి కూడా టీవీలో చూసే పసుపు బంతి ఇవ్వరు. నెమ్మది బంతుల్లో మూడు రకాలున్నాయ్: రెడ్ మామూలు దానికంటే 75 శాతం నెమ్మది, ఆరెంజ్ 50 శాతం, గ్రీన్ 25 శాతం. మా కుర్రాళ్ళలో ఒకడు ఇవి చిన్నపిల్లల బంతులు కదా సార్ అని మొహం మాడ్చుకున్నాడు, కోచ్ ఏం మాట్లాడకుండా ఓ పసుపు బంతి వేశాడు, అది టప్పున లేచి వీడి భుజం దాటి వెనక ఫెన్స్‌కి తగిలింది, వీడింకా రాకెట్ వెనక్కి తీస్తూనే ఉన్నాడు. ఆ తర్వాత ఆరెంజ్ బంతి ఇస్తే నోరెత్తలేదు. విషయం ఏంటంటే బంతి నడుం ఎత్తులో, ఆలోచించుకునే టైమ్ ఇచ్చి వస్తేనే ఊపు సరిగ్గా అలవాటవుతుంది, కంగారులో నేర్చుకున్న ఊపు తర్వాత వదలదు. ఇంటర్నేషనల్ టెన్నిస్ ఫెడరేషన్ 2007లో ప్లే అండ్ స్టే అని ఒక కార్యక్రమం మొదలెట్టింది, మొదటి క్లాసులోనే సర్వ్ చెయ్యాలి (పాయింట్ మొదలెట్టే షాట్ అది), ర్యాలీ ఆడాలి (అంటే బంతిని ఆపకుండా అటూ ఇటూ కొట్టుకోవాలి), స్కోర్ లెక్కపెట్టాలి అనేదే దాని సారం. మంచి గ్రూప్ క్లాసులన్నీ ఇప్పుడు ఇంచుమించు అదే దారిలో నడుస్తున్నాయ్.

ఇప్పుడు నీ అసలు ప్రశ్నకొస్తా. ఒక్కడివే కోచ్‌ని పెట్టుకుంటే ఏమవుతుందంటే ఆయన బుట్టలోంచి తీసి ప్రతి బంతీ ముద్దుగా నీ రాకెట్ మీదకే వేస్తాడు, నువ్వు బ్రహ్మాండంగా కొట్టేస్తావ్, ఇంటికెళ్ళి అద్దంలో చూసుకుంటావ్. తర్వాత ఎవరితోనైనా నిజంగా ఆడితే ఒక్కటీ తగలదు. ఎందుకంటే మామూలు మనుషులు అలా వెయ్యరు కదరా! మా పెద్దాయన బంతిని కోసినట్టు కొడతాడు, అది పడ్డాక ఎత్తు లేవకుండా జారిపోతుంది. ఆ బెంచీ ఆవిడ ఆకాశంలోకి లేపుతుంది, అది ఎప్పుడు దిగుతుందో దేవుడికే తెలియాలి. డెంటిస్ట్‌ది నెట్ మీద నుంచి తాడు కట్టినట్టు సూటిగా వస్తుంది. వీళ్ళందరి బంతులకీ సర్దుకోవడమే టెన్నిస్ అంటే, అది ఎంత గొప్ప కోచ్ అయినా ఒక్కడే నేర్పలేడు.

గ్రూప్‌లో లోటు లేదని కాదు. వంతు కోసం లైన్లో నిలబడాలి, నీ గ్రిప్ తప్పుగా ఉన్నా కోచ్ కళ్ళబడకుండా వారాలు గడిచిపోవచ్చు. దానికి నేను చెప్పే ఉపాయం ఒకటే, క్లాస్ అయ్యాక అందరూ బంతులు ఏరుతుంటే నువ్వెళ్ళి ఒక్క విషయం అడుగు, ఒక్కటే, పది అడిగితే ఏదీ గుర్తుండదు. సర్వ్ మాత్రం వీలైతే విడిగా ఒకటి రెండు సార్లు నేర్పించుకో. అవతలి వాళ్ళతో పనిలేకుండా పూర్తిగా నీ చేతిలో ఉండే షాట్ అదొక్కటే, ఒంటరిగా బుట్టెడు బంతులు పెట్టుకుని కూడా ప్రాక్టీస్ చెయ్యొచ్చు.

ఇంకోటి, చేరేముందు ఓ క్లాస్ బయట నిలబడి చూడు. కోచ్ ఉపన్యాసం ఎక్కువ, ఆట తక్కువ అయితే వద్దు. ఒక బంతి కొట్టి మళ్ళీ పది మంది వెనక లైన్లోకి వెళ్ళాల్సొస్తే అస్సలొద్దు. చివర్లో పాయింట్లు ఆడిస్తున్నారా లేదా అనేది ముఖ్యంగా చూడు. మాకు కింగ్ ఆఫ్ ది కోర్ట్ అని ఒకటి ఆడిస్తారు, గెలిచిన జంట ఆ వైపే నిలబడుతుంది, ఓడినవాళ్ళు దిగిపోయి కొత్త జంట ఎక్కుతుంది, అరుపులు కేకలు, రోజంతా మర్యాదగా సార్ సార్ అనే మనుషులు అక్కడ పాయింట్ నాదంటే నాదని పోట్లాడుకుంటారు.

నాకు బాగా నచ్చిన సంగతి ఒకటి చెప్తా. ఎప్పుడు చూసినా కోచ్ క్రాస్ కొట్టు క్రాస్ కొట్టు అని, అంటే ఎదురుగా కాకుండా అవతలి మూలకి కొట్టమని, అరుస్తుంటే స్టయిల్ కోసమేమో అనుకునేవాణ్ణి. లెక్క చూస్తే భలే ఉంది. నెట్ మధ్యలో 3 అడుగులే, స్తంభాల దగ్గర మూడున్నర. కోర్టు పొడవు 78 అడుగులు, సింగిల్స్ వెడల్పు 27, మన స్కూల్లో చదివిన లంబకోణ త్రిభుజం వేసి చూడు, మూల నుంచి మూలకి సుమారు 82న్నర వస్తుంది. అంటే మూలగా కొడితే నెట్ తక్కువ ఎత్తున్న చోట దాటుతుంది, పైగా బంతి పడటానికి నాలుగున్నర అడుగుల చోటు ఎక్కువ. మనలాంటోళ్ళకి ఇంతకంటే ఏం కావాలి! లెక్కల మాస్టారు అప్పుడే ఈ ముక్క చెప్పుంటే నేను ఫస్ట్ క్లాసులో పాసయ్యేవాణ్ణి.

కాళ్ళ సంగతి కూడా చెప్పాలి. అవతలివాడి రాకెట్‌కి బంతి తగిలే క్షణానికి నువ్వు చిన్న గెంతు గెంతి రెండు కాళ్ళ మీదా దిగాలి, స్ప్లిట్ స్టెప్ అంటారు. చూడ్డానికి ఏం లేదనిపిస్తుంది, కానీ అది లేకపోతే ప్రతి బంతికీ ఒక అడుగు ఆలస్యమే. అలవాటయ్యేదాకా కొత్తవాళ్ళందరూ గెంతడం మర్చిపోతారు, లేదా గెంతుతూ బంతిని మర్చిపోతారు.

డబుల్స్‌కి రెండు మూడు మర్యాదలున్నాయ్, తెలుసుకునెళ్ళు. సర్వ్ చేసేవాళ్ళే స్కోర్ పైకి చెప్పాలి, తమ స్కోర్ ముందు. అంపైర్ ఉండడు కాబట్టి నీ వైపు పడ్డ బంతి ఇన్నో ఔటో నువ్వే చెప్పాలి, గీతకి అంచు తగిలినా ఇన్నే, డౌట్ ఉంటే కూడా ఇన్నే, అనుమానం ఎప్పుడూ అవతలివాళ్ళకే లాభం. పక్క కోర్టు బంతి దొర్లుకుంటూ వస్తే లెట్ అని అరిచి ఆపెయ్, ఆ పాయింట్ మళ్ళీ ఆడతారు, దాని మీద కాలు పడితే చీలమండ పోతుంది. 40-40 అయితే మామూలుగా డ్యూస్, వరసగా రెండు పాయింట్లు గెలవాలి, క్లాసుల్లో టైమ్ ఉండదని చాలాచోట్ల ఒక్క పాయింట్‌తో తేల్చేస్తారు, అప్పుడు సర్వ్ ఏ వైపు కావాలో అందుకునేవాళ్ళు ఎంచుకోవచ్చు.

వయసు గురించి బెంగ వద్దు. రోహన్ బోపన్న 2024లో ఆస్ట్రేలియన్ ఓపెన్ డబుల్స్ గెలిచేనాటికి 43 ఏళ్ళు, ఆయన జీవితమంతా ఆడినవాడు లే, మనకి పోలికేంటి, అయినా వినడానికి బాగుంటుంది. ఇంకా 2018లో కోపెన్‌హాగెన్ నుంచి ఒక అధ్యయనం వచ్చింది, కదలకుండా కూర్చునేవాళ్ళకంటే టెన్నిస్ ఆడేవాళ్ళ ఆయుర్దాయం 9.7 ఏళ్ళు ఎక్కువ కనిపించిందట, బ్యాడ్మింటన్‌కి 6.2. టెన్నిస్ ఆడేవాళ్ళకి డబ్బూ తీరికా కూడా ఎక్కువే ఉండొచ్చు కాబట్టి అదంతా రాకెట్ మహిమే అని నేను నమ్మను. కానీ నలుగురితో కలిసి ఆడే ఆటలు కావడం కూడా ఒక కారణం కావచ్చని ఆ పరిశోధకులే అన్నారు, అది మాత్రం మా బ్యాచ్‌ని చూస్తే నమ్మబుద్ధేస్తుంది. పెద్దాయన రెండు రోజులు రాకపోతే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు.

రాకెట్ అప్పుడే కొనకు, క్లాసులో ఇచ్చిందే వాడు. కొనేటప్పుడు తల పెద్దది చూడు, 100 నుంచి 105 చదరపు అంగుళాలు, బరువు 270, 280 గ్రాముల దగ్గర, స్ట్రింగ్స్ మరీ బిగించొద్దని చెప్పు, మోచేతికి మంచిది. ఖర్చు పెట్టాల్సింది షూస్ మీద. రన్నింగ్ షూస్ ముందుకి పరిగెత్తడానికే చేసినవి, టెన్నిస్‌లో సగం పరుగు పక్కలకే, కాలు మెలికపడుతుంది. వార్మప్ ఎగ్గొట్టకు, మన వయసులో ముందు పట్టేసేది పిక్కే.

అన్నట్టు చెల్లెమ్మ కూడా వస్తానంటోందన్నావ్ కదా, తప్పకుండా తీసుకెళ్ళు. కాకపోతే మొదట్లో ఇద్దరూ ఒకే జట్టులో ఆడకండి, మధ్యలో పడ్డ బంతి ఎవరిదనే గొడవ ఇంటిదాకా వస్తుంది. ఎదురెదురుగా ఆడండి, ఓడిపోతే వంకలు చెప్పకుండా ఓడిపో. మొదటి క్లాస్ అవ్వగానే ఫోన్ చెయ్, ఎవరు గెలిచారో చెల్లెమ్మనే అడుగుతా, నువ్వు చెప్పేది నేనెలాగూ నమ్మను.

ఉంటా మరి,
నీ రాజు