చెత్తబండి వారి హాకీ జట్టు: రాంబాబుకి ఒక ఉత్తరం

డాన్‌బరీ, కనెక్టికట్
ఆదివారం పొద్దున్న

ఒరేయ్ రాంబాబూ,

తిట్టుకుంటూనే ఉంటావని తెలుసు. దసరాకి నువ్వు రాసినదానికి సంక్రాంతి దాటాక జవాబు రాస్తున్నా. సాకులు చెప్పను, చెప్పినా నమ్మవు. ఇక్కడ అందరం కులాసా. బుజ్జిదానికి ముందు పళ్లు ఊడాయి, మీ చెల్లెలు ఉద్యోగం మారింది, బయట మంచు మోకాలి దాకా ఉంది, అది తోసి తోసి నా నడుం పట్టేసింది. అమ్మ మోకాళ్ల గురించి డాక్టర్‌తో నువ్వు మాట్లాడావట, ఆ విషయం ఫోన్‌లో మాట్లాడుకుందాం. రొయ్యల రేటు ఎలా ఉంది? సరే, క్షేమసమాచారాలు అయిపోయాయి.

ఇప్పుడు అసలు సంగతి. ఇది నీకు చెప్పకపోతే నాకు అన్నం సయించేలా లేదు. మీ చెల్లెలికి చెబితే "ఊఁ" అంది, ఆఫీసులో చెబితే "అవును, అందరికీ తెలిసిందేగా" అన్నారు. దీని రుచి తెలియాలంటే మన ఊరి క్రికెట్ పోటీ, రైస్ మిల్లు కప్, ఆడినవాడై ఉండాలి. అంటే నువ్వే.

మా పక్కింటి పెద్దాయన ఒకాయన ఉన్నాడు. ప్లంబింగ్ షాపు నడిపి రిటైరయ్యాడు. మీసం చూసి నేనాయనకి సర్పంచి గారని పేరు పెట్టుకున్నా (ఏ సర్పంచో నీకు చెప్పక్కర్లేదు, సైకిలు ట్యూబు గుర్తు తెచ్చుకో). ఆయన మొన్న శనివారం నన్ను ఐస్ హాకీ మ్యాచ్‌కి లాక్కెళ్లాడు. ఇప్పుడిక్కడ ఆడేది డాన్‌బరీ హ్యాట్ ట్రిక్స్ అనే జట్టు. ఈ ఊరు ఒకప్పుడు టోపీల తయారీకి పెట్టింది పేరు, అందుకని ఆ పేరు. ఆ టోపీలకి వాడే జంతువుల బొచ్చుని పదును చెయ్యడానికి పాదరసం వాడితే పనివాళ్లకి చేతులు వణికే జబ్బు పట్టుకునేదట, దాన్ని ఊరి పేరుతోనే పిలిచేవాళ్లట. అది ఇంకో కథ, అందులోకి దిగితే ఇది అవ్వదు.

సర్పంచి గారు కోటు విప్పారు. లోపల పాత జెర్సీ. దాని మీద బొమ్మేంటో తెలుసా? చెత్త డబ్బా! కోపంతో పళ్లు కొరుకుతున్న చెత్త డబ్బా, చేతిలో హాకీ కర్ర. అంచుల దగ్గర దారాలు లేచిపోయాయి, పొట్ట దగ్గర ఆవ సాసు మరకలు, అయినా పట్టుచొక్కా తొడుక్కున్నట్టు ఛాతీ విరుచుకుని కూర్చున్నాడు. చుట్టుపక్కల అలాంటివి ఇంకో పది కనిపించాయి. ఇదేం జట్టండీ అని అడిగాను. ఇక చూడు, ముందర హ్యాట్ ట్రిక్స్ వాళ్లు ఎలా ఆడారో నాకు తెలీదు, మూడు పీరియడ్లూ ఈ కథే.

ఆ జట్టు పేరు డాన్‌బరీ ట్రాషర్స్. 2004లో పుట్టింది, 2006లో పోయింది. రెండంటే రెండు సీజన్లు. యునైటెడ్ హాకీ లీగ్ అని ఒక చిన్న లీగ్ ఉండేది, పెద్ద లీగ్‌కి (అదే, ఎన్‌హెచ్‌ఎల్) ఎన్నో మెట్లు కింద. ఆ లీగ్‌లో ఒక కొత్త జట్టు కొన్నాడు జేమ్స్ గలాంటే అనే ఆయన. ఆయన వ్యాపారం చెత్త. ఈ చుట్టుపక్కల షాపులు, హోటళ్లు, ఇళ్ల దగ్గర చెత్త ఎత్తే బండ్లలో చాలా మటుకు ఆయనవే. జట్టు కొని ఎవరి చేతిలో పెట్టాడనుకున్నావ్? కొడుకు చేతిలో. ఎ.జె. గలాంటే. ప్రెసిడెంటూ వాడే, జనరల్ మేనేజరూ వాడే. వయసు 17. ఇంకా స్కూల్లో చదువుతున్నాడు!

నవ్వుతున్నావు కదూ. నాకు తెలుసు. నాకూ ఒక్కసారిగా మిల్లు వారబ్బాయే కళ్ల ముందు కనపడ్డాడు. ప్యాడ్లు ఊడిపోతున్నా ఓపెనింగ్ దిగేవాడు, "మొదటి బంతి ట్రయల్" అనే రూలు, అంపైర్‌కి సాయంత్రం పెసరట్టు ఉప్మా. నేను సర్పంచి గారికి అదే చెప్పబోయాను, ఆయన చెయ్యెత్తి ఆపాడు. "అలాంటి కుర్రాడు కాదు" అన్నాడు. నిజమేరా. వీడు తను ఆడతానని దిగలేదు. ఎలాంటివాళ్లని తేవాలో వాడికి బాగా తెలుసు. కుస్తీ షోలంటే పిచ్చి, ఆటలో మంచివాళ్లకన్నా దుర్మార్గులంటేనే ఇష్టం. జనాన్ని స్టేడియానికి రప్పించాలంటే ఏం కావాలో ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవాడిలా కనిపెట్టాడు. హాకీలో చెడ్డ కుర్రాళ్లం మేమే అని చాటుకుని మరీ మొదలెట్టారు.

నీకు ఒక ముక్క చెప్పాలి, లేకపోతే అర్థం కాదు. ఐస్ హాకీలో కొట్టుకోవడం తప్పే కానీ, మన క్రికెట్లోలా పరువు పోయే తప్పు కాదు. ఇద్దరు గ్లోవ్స్ కింద పడేసి కలబడితే రిఫరీలు కాసేపు చూస్తూ నిలబడతారు, వాళ్లు అలిసిపోయాక విడదీసి చెరో ఐదు నిమిషాలూ పెనాల్టీ బాక్సులో కూర్చోబెడతారు. జట్లలో ఆ పని కోసమే పెట్టుకున్న వస్తాదులుంటారు. ట్రాషర్స్ అలాంటివాళ్లని ఏరి ఏరి తెచ్చారు. బ్రాడ్ వింగ్‌ఫీల్డ్ అని ఒకడు, ఆయన పేరెత్తితే సర్పంచి గారు ఇప్పటికీ లేచి నిలబడతాడు. మొదటి సీజన్లో జట్టు మొత్తం మీద పెనాల్టీ ఎంతో తెలుసా? 2,776 నిమిషాలు! ఆటకి అరగంట పైచిలుకు ఎవడో ఒకడు బాక్సులో ఉన్నట్టే లెక్క. అరవై నిమిషాల ఆటరా బాబూ.

అలాగని ఒట్టి రౌడీలే అనుకోకు. 2004-05లో పెద్ద లీగ్‌లో యజమానులకీ ఆటగాళ్లకీ జీతాల దగ్గర చెడి సీజన్ మొత్తం రద్దయింది. పెద్ద పెద్దవాళ్లంతా ఖాళీ. ఈ కుర్రాడు వెళ్లి మైక్ రప్‌ని పట్టుకొచ్చాడు. 2003లో న్యూజెర్సీ డెవిల్స్ జట్టుకి పెద్ద లీగ్ కప్పు, స్టాన్లీ కప్, గెలిపించిన గోల్ కొట్టినవాడు వాడు! బ్రెంట్ గ్రెట్జ్‌కీ కూడా ఈ జట్టుకి ఆడాడు. వేన్ గ్రెట్జ్‌కీ అంటే హాకీకి మన టెండూల్కర్, ఈ బ్రెంట్ ఆయన తమ్ముడు. ఇక్కడ ఒక తమాషా. పెద్ద లీగ్‌లో ఇద్దరన్నదమ్ములు కలిసి సాధించిన పాయింట్ల రికార్డు వీళ్లిద్దరిదే, 2,861. అందులో అన్నవి 2,857, తమ్ముడివి 4. నీదీ మీ అన్నయ్యదీ ఇంటర్ మార్కులు కలిపి చెప్పుకున్నట్టు. (కోపం తెచ్చుకోకు. నాకూ ఒక్కోసారి నోరు ఆగదు.)

జనం ఎగబడ్డారట. ఆ స్టేడియంలో 102వ సెక్షన్ అని ఒకటుంది, ఎదుటి జట్టుకి నరకం చూపించేది వాళ్లే. సర్పంచి గారు ఆ సెక్షనే. నేను కూర్చున్న చోటు చూపించి "ఇక్కడ నుంచి అరిచేవాళ్లం" అన్నాడు. ముందు అద్దం మీద చెయ్యి వేశాను, చల్లగా ఉంది. అదే సమయానికి ఒకణ్ని ఇటువైపు అద్దానికేసి గుద్దారు. వాడి ముఖం నా అరచేతికి అవతల, చెంప నొక్కుకుపోయి, ఒక కన్ను నన్నే చూస్తోంది. నేను చెయ్యి తీసేశాను, సర్పంచి గారు తియ్యలేదు. పైగా వాడికేదో చెప్పాడు, అది ఉత్తరంలో రాసేది కాదు.

ఇంతవరకూ బానే ఉంది కదా. ఇప్పుడు వినరా.

లీగ్‌లో ఒక నియమం ఉండేది. సీజన్ మొత్తానికి ఏ జట్టూ ఆటగాళ్ల జీతాలకి 2,75,000 డాలర్లు దాటి ఖర్చుపెట్టకూడదు. లేకపోతే డబ్బున్నవాడే గెలుస్తాడని. మన చెత్త కంపెనీ ఆయన పెట్టిందేమో దాదాపు 7,50,000. ఎలా కుదిరింది? ఆటగాడికి జట్టు ఇచ్చే జీతం కొంచెమే. మిగతాది చెత్త కంపెనీలో ఉద్యోగం కింద! కొందరికి వాళ్ల ఆవిడల పేరు మీద! ఆ ఆవిడలు చెత్తబండి మొహం ఎరుగరు. నీకు గుర్తుందా, మనం సెమీఫైనల్‌కి కాకినాడ నుంచి తెచ్చుకున్న ఫాస్ట్ బౌలర్, వాణ్ని మిల్లులో గుమాస్తా అని రాయించి... సరే వద్దులే, వాడిప్పుడు పెద్ద హోదాలో ఉన్నాడు.

ఇన్ని చేసి రెండో సీజన్లో ఫైనల్‌కి వెళ్లారు. ఎదురుగా కలమజూ వింగ్స్. ఓడిపోయారు! రెండున్నర రెట్లకు మించి డబ్బు గుమ్మరించి ఓడిపోయారు! అది విని నేను పడీ పడీ నవ్వాను. సర్పంచి గారు మాత్రం నవ్వలేదు. ఆ ఓటమి ఇప్పటికీ ఆయనకి పచ్చి పుండే.

ఆ ఫైనల్ అయిన కొద్ది రోజులకే, 2006 జూన్‌లో, ఎఫ్‌బీఐ వచ్చి గలాంటేని పట్టుకెళ్లింది. ఒక్కణ్ని కాదు, 29 మంది మీద కేసు. అసలు కూపీ హాకీది కానే కాదు, చెత్తది. ఈ చుట్టుపక్కల చెత్త కంపెనీలన్నీ లోపాయికారీగా ఒక ఒప్పందం మీద నడిచేవి. ఫలానా షాపు నాది అంటే ఇంకెవడూ దాని జోలికి రాకూడదు. షాపువాడు రేటు ఎక్కువని వేరేవాణ్ని పిలిస్తే, వాడు ఇంకా ఎక్కువ చెప్పాలి, లేదా రానని చెప్పాలి. ఈ కట్టుబాటు చెడకుండా చూసేందుకు న్యూయార్క్‌లోని జెనవీస్ మాఫియా ముఠా పెద్ద మాథ్యూ ఇయానియెల్లోకి మూడు నెలలకోసారి 30,000 డాలర్లు ముట్టేవి. ఈ తవ్వకంలోనే జట్టు జీతాల భాగోతం కూడా బయటపడింది. 2008లో గలాంటే నేరం ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నవాటిలో లీగ్‌ని మోసం చేసి జీతాలు దాచిపెట్టడం కూడా ఉందిరా! 87 నెలల జైలు. చెత్త వ్యాపారాలన్నీ వదులుకోవలసి వచ్చింది. జట్టయితే అరెస్టు అయిన ఏడే మూతపడింది.

కుర్రాడి మీద కేసేమీ లేదు. తర్వాత ఈ ఊళ్లోనే బాక్సింగ్ జిమ్ పెట్టాడట. అంటే కొట్టుకోవడం మాత్రం మానలేదన్నమాట. 2021లో నెట్‌ఫ్లిక్స్‌లో దీని మీద డాక్యుమెంటరీ కూడా వచ్చింది, చెత్త డబ్బా జెర్సీలకి మళ్లీ గిరాకీ వచ్చింది. ఈ మధ్యలో ఇదే రింకులో వేలర్స్ అనీ టైటాన్స్ అనీ ఒకదాని తర్వాత ఒకటి వచ్చి పోయాయి. వాళ్ల జెర్సీ ఒక్కటి కూడా నాకు కనపడలేదు.

నన్ను అసలు నిద్రపోనివ్వనిది ఇదేరా. నేను లెక్క వేసుకున్నాను. చెత్త ఎత్తినందుకు ఊళ్లో షాపులన్నీ ఉండాల్సినదానికన్నా ఎక్కువ కట్టాయి. ఆ ఎక్కువ సొమ్ములోంచే ఈ ఆటగాళ్లకి దొంగజీతాలు. అంటే సర్పంచి గారిని దోచిందీ వాళ్లే, ఆ డబ్బుతో ఆయనకి ఆట చూపించిందీ వాళ్లే. ఆయన ప్లంబింగ్ షాపుకీ చెత్త బండి వచ్చేది కదా. వచ్చేటప్పుడు కారులో ఇదే అడిగాను, కాస్త భయపడుతూనే. ఆయన వైపర్లు ఆన్ చేసి, "తెలుసు. నా బిల్లులోంచే వాళ్ల జీతాలు పోయాయి. అందుకే అది నా జట్టు" అన్నాడు.

నాకేం మాట్లాడాలో తోచలేదు. ఆయన ఎగతాళిగా అనలేదు, బాధగానూ అనలేదు. నిజంగా వాటాదారు మాట్లాడినట్టు మాట్లాడాడు. ఒకపక్క నాకు మండింది. మోసపోయి మురిసిపోవడం ఏంటి? ఆ లీగ్‌లో పరిమితికి లోబడి పప్పుబువ్వతో సరిపెట్టుకుని ఆడిన జట్లుండవా, వాళ్ల సంగతేంటి? పక్కఊరి హోటలువాడు భయపడి నోరు మూసుకుని బిల్లు కట్టి ఉంటాడే, వాడికి హాకీ అంటే పడకపోతే? ఇవన్నీ అడుగుదామనుకున్నా. ఇంకోపక్క... నాకు మిల్లు వారు ఇచ్చిన తెల్ల బూట్లు గుర్తొచ్చాయి. వాళ్ల దొంగ తూకం రాయి సంగతి ఊరందరికీ తెలుసు. మా నాన్న వడ్లు తోలిందీ ఆ మిల్లుకే. అయినా ఆ బూట్లు వేసుకుని నువ్వూ నేనూ వీధిలో ఎలా నడిచామో... ఏమోరా, నాకు తెగట్లేదు. నువ్వయితే సర్పంచి గారికి ఏం చెప్పేవాడివి? నిజంగా అడుగుతున్నా, ఉత్తరంలో రాయి. ఫోన్‌లో అయితే నువ్వు జోకులేసి తప్పించుకుంటావు.

వచ్చే శనివారం మళ్లీ వెళ్తున్నాం. ఈసారి వింగ్‌ఫీల్డ్ కాలు విరిగిన రోజు కథ చెప్తానన్నాడు. దానికి ముందు కాస్త మందు పుచ్చుకోవాలిట. చెప్పగానే అది కూడా...

అదిగో, మీ చెల్లెలు కింద హారన్ కొడుతోంది. బుజ్జిదాన్ని డాన్సు క్లాసులో దింపాలి. నీకు ఆ చెత్త డబ్బా జెర్సీ ఒకటి కొని పంపుతాను, సైజు రాయి. ఎక్సెల్ అని అబద్ధం రాయకు, మొన్న మీ గృహప్రవేశం ఫొటోలు చూశాను. మిల్లు వారబ్బాయికి ఈ ఉత్తరం చూపించకు. మళ్లీ హారన్. ఉంటా.

నీ
శ్రీను