కళ్ళకు కాపడం పెట్టేముందు

ప్రియమైన సుధాకర్‌కు,

నీ ఉత్తరం అందింది. రాత్రి షిఫ్టు ముగిసేసరికి కళ్ళలో ఇసుక పోసినట్టు ఉంటోందనీ, అందుకే వేడి చేసే ఐ మాస్కు తెప్పించుకున్నాననీ రాశావు. కొన్నది మంచి వస్తువే. కాకపోతే అది పెట్టుకునే నిద్రపోతున్నానన్నావు చూడు, అది నాకు నచ్చలేదు.

ఆ వేడి పనిచేసేది ప్రధానంగా రెప్పల అంచున వరుసగా ఉండే మైబోమియన్ అనే నూనె గ్రంథుల మీద. వాటిలోంచి వచ్చే పలుచని నూనె పొర కన్నీరు త్వరగా ఆవిరైపోకుండా కాపాడుతుంది. తెర ముందు కూర్చుంటే రెప్పవేయడం బాగా తగ్గుతుంది, వేసినా సగమే వాలుస్తాం. దాంతో కొందరిలో ఆ నూనె చలికాలపు నెయ్యిలా గ్రంథుల్లోనే పేరుకుంటుంది. దాన్ని కరిగించడానికి సుమారు 40 డిగ్రీల సెల్సియస్ వేడి, పది నిమిషాల సేపు ఉంటే చాలు. వేడి మరీ ఎక్కువైతే, ఒంట్లోకెల్లా పలుచనైన రెప్పల చర్మం కాలే ప్రమాదం ఉంది.

నీది మైక్రోవేవ్‌లో వేడిచేసే పూసల రకమైతే, అందులో వేడి అంతటా ఒకేలా పాకదు కనుక, బాగా కుదిపి, మణికట్టు లోపలివైపు ఆనించి చూసుకున్నాకే కళ్ళ మీద పెట్టుకో. యూఎస్‌బీ తీగదైతే తక్కువ వేడి దగ్గరే ఉంచి, దానంతటదే ఆగిపోయేలా టైమరు పెట్టుకో. ఒక్కసారి వాడి పారేసేవాటిలో ఇనుప పొడి ఉంటుంది. గాలి తగిలి వేడెక్కే ఆ పొడిని మళ్ళీ మైక్రోవేవ్‌లో పెట్టడం ప్రమాదం.

కాంటాక్ట్ లెన్సులు తీసేయడం మరవకు. మాస్కును కనుగుడ్డు మీద అదమవద్దు, తీశాక కళ్ళు నులుమవద్దు. కాసేపు చూపు మసకగా ఉండవచ్చు, అది తేటపడేదాకా బండి తీయకు.

కళ్ళు ఎర్రబడి పుసి కడుతుంటే కాపడం జోలికి పోకు. దురదే ఎక్కువైతే అది అలర్జీ కావచ్చు, దానికి చల్లని గుడ్డ మేలు. నాన్నగారికి ఈమధ్యే శుక్లాల ఆపరేషన్ అయిందన్నావు కదా, డాక్టరుగారు సరేననేదాకా ఆయనకు మాత్రం ఇది ఇవ్వవద్దు. నొప్పి పుట్టినా, వెలుతురు చూడలేకపోయినా, చూపు తగ్గినా మాస్కు పక్కన పెట్టి కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళు.

ఇంతకీ నీది ఏ రకమో రాయలేదు. ఈసారి రాయి.

నీ
రఘు