ప్రశ్నపత్రంలో టిక్కు పెడితే వెట్టి పోదు

సంపాదకుడు గారికి,

ఆధునిక బానిసత్వం మీద మీరు రాసిన సంపాదకీయం చదివాను. వస్తువు కొనేటప్పుడు దాని వెనక ఎవరి చాకిరీ ఉందో వినియోగదారుడు ఆలోచించాలన్నారు. మంచి మాటే. కానీ షాపులో నిలబడి చొక్కా లోపలి లేబుల్ తిప్పి చూస్తే ఏం తెలుస్తుంది? సైజు తెలుస్తుంది, ఎలా ఉతకాలో తెలుస్తుంది. కుట్టినవాడి పాస్‌పోర్టు ఎవరి బీరువాలో ఉందో తెలియదు. అది తెలుసుకోగలిగినవాడు వేరే ఉన్నాడు. పెద్ద కంపెనీ పర్చేజ్ సెక్షన్‌లో కూర్చుని లక్ష చొక్కాలకు ఒక్క మెయిల్‌తో ఆర్డరు పెట్టేవాడు. ఇరవై ఏళ్లకు పైగా నేను ఆ కుర్చీలోనే కూర్చున్నాను. అందుకే ఈ ఉత్తరం.

అంతర్జాతీయ కార్మిక సంస్థ, అంతర్జాతీయ వలసల సంస్థ, వాక్ ఫ్రీ అనే హక్కుల సంస్థ కలిసి 2022లో ఇచ్చిన అంచనా ప్రకారం, అంతకు ముందు ఏడాది ఏ రోజు లెక్క తీసినా ప్రపంచంలో 4.96 కోట్ల మంది ఆధునిక బానిసత్వంలో ఉన్నారు. అందులో 2.2 కోట్ల మంది బలవంతపు పెళ్లిళ్లలో ఇరుక్కున్నవాళ్లు. 2.76 కోట్ల మంది బలవంతపు చాకిరీలో ఉన్నవాళ్లు. లైంగిక దోపిడీని, ప్రభుత్వాలే చేయించే చాకిరీని పక్కన పెడితే, 1.73 కోట్ల మంది పొలాల్లో, గనుల్లో, ఫ్యాక్టరీల్లో, చేపల పడవల మీద, ఇళ్లలో ప్రైవేటు యజమానుల కింద మగ్గుతున్నారు.

బానిస అనగానే మనకు సంకెళ్లు గుర్తొస్తాయి. ఇప్పటి సంకెల అప్పు. పరాయి దేశంలో ఉద్యోగం ఇప్పిస్తానని దళారీ ఫీజు అడుగుతాడు. మనిషి వడ్డీకి తెచ్చి కడతాడు. తీరా అక్కడ దిగాక చెప్పిన జీతం వేరు, ఇచ్చే జీతం వేరు. పాస్‌పోర్టు మా దగ్గరే భద్రంగా ఉంటుందని తీసేసుకుంటారు. రెండు నెలల జీతం పట్టి ఉంచుతారు. గేటు బార్లా తెరిచి ఉన్నా అతను బయటికి పోలేడు. పోతే అప్పు తీరదు, చేతిలో కాగితాలు లేవు, పోలీసులు ముందు పట్టుకునేది అతన్నే. 1930 నాటి 29వ అంతర్జాతీయ కార్మిక ఒడంబడిక ప్రకారం, ఏదో ఒక శిక్ష ఉంటుందన్న బెదిరింపుతో, మనిషి తనంతట తాను ఒప్పుకోకుండా చేసే పని బలవంతపు చాకిరీ. కొరడా ఊసు అందులో లేదు.

ఇక నా సంగతి. ఏటా సరఫరాదారులందరికీ ఒక ప్రశ్నపత్రం పంపేవాళ్లం. 'మీ సంస్థలో బలవంతపు చాకిరీ ఉందా? అవును / కాదు.' నా సర్వీసులో ఎవరూ 'అవును' మీద టిక్కు పెట్టగా చూడలేదు. ఎవరు పెడతారు? ఆ కాగితాలన్నీ ఫైల్లో పెట్టి, మా కంపెనీ వార్షిక నివేదికలో ఒక పేజీ రాసుకునేవాళ్లం. అదే వారం, అదే సరఫరాదారులకు నేనే ఇంకో మెయిల్ పంపేవాణ్ని. రేటు 5 శాతం తగ్గించండి, సరుకు రెండు వారాలు ముందు కావాలి, డబ్బు మాత్రం 90 రోజుల తర్వాత. ఒకసారి ఒక సరఫరాదారు ఫోన్ చేసి, 'మీరు అడిగిన రేటుకి పని అయిపోతుంది సార్, ఎలా అవుతుందని మాత్రం అడక్కండి' అన్నాడు. నేను అడగలేదు.

ఎలా అవుతుందో నాకు తెలియక కాదు. బట్ట ధర మిల్లు చెబుతుంది, కరెంటు ధర ప్రభుత్వం చెబుతుంది, దారం, బొత్తాలు, ఓడ కిరాయి దేనికీ బేరం ఉండదు. పిండితే పిండేది కూలీనే. సరఫరాదారు సగం పని ఇంకొకడికి సబ్ కాంట్రాక్ట్ ఇస్తాడు, వాడు లేబర్ కాంట్రాక్టర్‌ని పిలుస్తాడు, ఆ కాంట్రాక్టర్ అడ్వాన్సులిచ్చి మనుషుల్ని తెస్తాడు. తిలాపాపం తలా పిడికెడు. పై మెట్టు మీదున్న మాకు ఆ పిడికెడు కూడా అంటినట్టు అనిపించదు, రాతపూర్వకంగా 'కాదు' అని ఉంది కదా!

మరి ఆడిట్లు లేవా అంటారు. ఉన్నాయి, దండిగా ఉన్నాయి. 2012 సెప్టెంబరులో కరాచీలోని ఒక బట్టల ఫ్యాక్టరీ తగలబడి 250 మందికి పైగా చనిపోయారు. కిటికీలకు ఊచలు, మూసేసిన దారులు. కార్మికుల బాగోగులు సరిగ్గా ఉన్నాయని ఆ ఫ్యాక్టరీకి అంతర్జాతీయ సర్టిఫికెట్ వచ్చింది అంతకు కొన్ని వారాల ముందే. తనిఖీకి వచ్చేవాడు ముందే కబురు చేసి వస్తాడు, ఫీజు చాలాసార్లు ఫ్యాక్టరీయే కడుతుంది, మేనేజరు పక్కన నిలబడగా కార్మికుణ్ని 'ఇబ్బందులేమైనా ఉన్నాయా' అని అడుగుతాడు. నేను కూడా ఇలాంటి తనిఖీలకు వెళ్లి టీ తాగి వచ్చాను.

చట్టాలదీ కొంత ఇదే వరస. బ్రిటన్ 2015 చట్టం ప్రకారం 3.6 కోట్ల పౌండ్లు, అంతకు మించి టర్నోవరు ఉన్న కంపెనీ బానిసత్వం మీద ఏటా ఒక ప్రకటన ఇవ్వాలి. 'మేం ఏ చర్యా తీసుకోలేదు' అని రాసినా చట్టం ప్రకారం చెల్లుతుంది! 2013లో బంగ్లాదేశ్‌లో బట్టల ఫ్యాక్టరీలున్న రాణా ప్లాజా భవనం కూలి 1,134 మంది చనిపోయాక ఫ్రాన్స్ 2017లో తెచ్చిన చట్టం దీనికన్నా నయం, ఇలాంటివి జరక్కుండా చూసే ప్రణాళిక పెద్ద కంపెనీకి లేకపోతే కోర్టుకు లాగవచ్చు. అమెరికా కథ మరీ విచిత్రం. బలవంతపు చాకిరీతో తయారైన సరుకు దిగుమతి కాకూడదని 1930లోనే చట్టం చేశారు. కానీ దేశంలో ఆ సరుకు చాలినంత తయారు కాకపోతే నిషేధం వర్తించదని ఒక మెలిక పెట్టారు. అంటే, మాకు అవసరమైతే బానిసత్వం ఫర్వాలేదని! ఆ మెలిక తీసేయడానికి 2016 దాకా పట్టింది.

తీసేశాక ఏమైందో చూడండి. మలేసియాలో రబ్బరు గ్లోవ్స్ తయారుచేసే ఫ్యాక్టరీల్లో నేపాల్, బంగ్లాదేశ్ నుంచి వచ్చిన వలస కార్మికులు దళారీల అప్పుల్లో కూరుకుపోయారని ఏళ్లుగా వార్తలు వస్తూనే ఉన్నాయి, ఆడిట్లూ జరుగుతూనే ఉన్నాయి. 2020లో, ప్రపంచమంతా గ్లోవ్స్ కోసం ఎగబడుతున్న సమయంలో, అమెరికా కస్టమ్స్ ఒక పెద్ద కంపెనీ సరుకు ఆపేసింది. ఆ కంపెనీ కార్మికులకు దళారీ ఫీజులు తిరిగి చెల్లించింది. మరుసటి ఏడాది నిషేధం ఎత్తేశారు. ఫైళ్లతో కదలని డబ్బు రేవులో సరుకు ఆగితే కదిలింది.

నాకు బాగా నచ్చిన ఉదాహరణ మాత్రం ప్రభుత్వం చేసింది కాదు. ఫ్లోరిడాలో టమాటా తోటల్లో మనుషుల్ని బానిసలుగా పెట్టుకున్న కేసుల్లో లేబర్ కాంట్రాక్టర్లు జైలుకు వెళ్లిన సందర్భాలున్నాయి. ఇమ్మోకలీ అనే ఊరి కూలీలు సంఘం కట్టి, తోటల యజమానులతో కాదు, ఆ టమాటాలు కొనే పెద్ద కంపెనీలతోనే తలపడ్డారు. పౌను బరువు టమాటాలకు ఒక సెంటు ఎక్కువ ఇవ్వాలి, బలవంతపు చాకిరీ బయటపడిన తోట దగ్గర సరుకు కొనకూడదు అని రాతకోతలు చేయించుకున్నారు. అవి కోర్టులో నిలిచే ఒప్పందాలు. కూలీలకు హక్కుల పాఠం పనివేళల్లోనే, జీతంతో చెబుతారు. ఏ వేళ ఫోన్ చేసినా ఫిర్యాదు తీసుకుంటారు. రోజూ తోటలో ఉండే మనిషికన్నా పెద్ద ఆడిటర్ ఎవరుంటారు?

సరఫరా గొలుసు పొడుగు, కింది మెట్లు మాకు కనిపించవు అని కంపెనీలు అంటాయి. నేనూ మీటింగుల్లో అన్నాను. కానీ ఒకసారి బొత్తాల రంగు తేడా వస్తే, ఏ లాటు, ఏ వర్క్‌షాపు, ఏ రోజు అన్నది రెండు రోజుల్లో పట్టుకున్నాం. రంగు కోసం దిగగలిగిన మెట్లు మనిషి కోసం దిగలేమా?

ఇంకో ప్రమాదం ఉంది, దాన్ని మీ సంపాదకీయం ముట్టుకోలేదు. వెట్టి బయటపడగానే కంపెనీ ఆర్డరు రద్దు చేసి, మాకు ఇలాంటివి గిట్టవని ప్రకటన ఇచ్చి చేతులు దులుపుకుంటుంది. ఫ్యాక్టరీ మూతపడుతుంది. కూలీకి పని పోతుంది, అప్పు మిగులుతుంది. బ్రిటన్ 1833లో బానిసత్వాన్ని రద్దు చేస్తూ యజమానులకు 2 కోట్ల పౌండ్ల పరిహారం ఇచ్చింది, బానిసలకు ఒక్క పెన్నీ ఇవ్వలేదు. ఇప్పటి పద్ధతి దానికి మరీ దూరంగా ఏం లేదు. ముందు ఆ మనిషి అప్పు తీర్చి, ఆపిన జీతం ఇప్పించి, కాగితాలు చేతిలో పెట్టించాలి. అందుకయ్యే ఖర్చులో, రేటు తగ్గించమని మెయిల్ పంపిన కంపెనీకీ వాటా ఉండాలి. ఆర్డరు ఉంచాలా తీసేయాలా అన్నది ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.

మీ బిజినెస్ పేజీలో కంపెనీల పెద్దల ఇంటర్వ్యూలు వేస్తుంటారు. సామాజిక బాధ్యత గురించి వాళ్లు బోలెడు చెబుతారు. ఈసారి మీ విలేకరి చేత రెండు ప్రశ్నలు అడిగించండి. కార్మికులు దళారీలకు కట్టిన ఫీజుల్లో ఈ ఏడాది ఎంతమందికి ఎంత తిరిగి ఇప్పించారు? సరఫరాదారులకు పోయినసారి ఇచ్చిన రేటెంత, ఈసారి ఇచ్చిందెంత? వాళ్లు చెప్పిన అంకెలు ఉన్నదున్నట్టు వేయండి. చెప్పకపోతే, చెప్పలేదని వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పర్చేజ్ మేనేజర్