హైదరాబాద్ నుంచి దుబాయ్ రెండు గంటలు కాదు

సంపాదకులకు,

గల్ఫ్ ప్రయాణాల మీద పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త చదివి వారమైంది, నాకింకా కోపం తగ్గలేదు. హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి రెండు గంటల ఇరవై నిమిషాలట, తిరిగి రావడానికి అయిదు గంటలట! బాక్సు కట్టి మరీ వేశారు.

టికెట్ మీద ఎక్కే టైమూ, దిగే టైమూ చూసి తీసివేత చేసినట్టున్నారు. టికెట్ మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే ఉంటుంది. మన దేశ కాలమానానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడ దగ్గర్నుంచి పోతుందని, ఒక్కో డిగ్రీకి గడియారంలో నాలుగు నిమిషాల తేడా అని నేను ముప్పై ఏళ్లు బడిలో చెప్పాను. దుబాయ్ వాళ్లు పాటించేది 60 డిగ్రీల లెక్క. అంటే వాళ్ల గడియారం మనకంటే గంటన్నర వెనక. రెండు ఊళ్ల మధ్య నేరుగా దాదాపు 2,550 కిలోమీటర్లు. విమానానికి మూడున్నర నుంచి నాలుగు గంటలు పడుతుంది. పైన గాలి ఎక్కువగా పడమటి నుంచి తూర్పుకు వీస్తుంది కాబట్టి, వచ్చేటప్పుడే కాస్త తొందరగా దిగుతారు. మీరు రాసింది తలకిందులు.

మొన్న బుధవారం మా అన్న కొడుకు మొదటిసారి దుబాయ్ వెళ్లాడు. పొద్దున పదింటి ఫ్లైట్. మా వదిన మీ పేపర్ ముక్క కత్తిరించి దేవుడి పటం వెనక దాచుకుంది. పన్నెండున్నర నుంచి ఫోన్ చేతిలో పట్టుకుని గోడ గడియారం కింద నిలబడింది. ఒంటిగంటకల్లా టెన్షన్‌తో ఏడుపు. అప్పటికి పిల్లాడు ఇంకా విమానంలోనే ఉన్నాడు. నేను ఎంత చెప్పినా "పేపర్లో వేశారు కదా మరిదీ" అనే అంది. ఫోన్ వచ్చేసరికి మూడున్నర దాటింది. అంతవరకు ఆమె అన్నం ముట్టలేదు.

వీసా ఇప్పించిన ఏజెంటు డబ్బులు లెక్కపెట్టుకున్నాడు తప్ప ఈ ఒక్క ముక్క చెప్పలేదు. జగిత్యాల నుంచి శంషాబాద్ రెండొందల కిలోమీటర్ల పైమాటే. మూడు గంటల ముందు చేరాలంటే అర్ధరాత్రే కారు మాట్లాడుకోవాలి. విమానంలో కూర్చునే సమయం కంటే ఇదే ఎక్కువ, దీని గురించి మీ వార్తలో ఒక్క అక్షరం లేదు. ఇన్నేళ్లుగా జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి మనుషులు పోతూనే ఉన్నారు. పోయేవాడి చేతిలో తెలుగులో ఒక కాగితం పెట్టాలని ఏ అధికారికీ తోచదు. అడిగితే వెబ్‌సైట్ చూసుకోమంటారు, అది ఇంగ్లీషులో ఉంటుంది.

పేపర్లో పడితే నిజమని నమ్మే ఇళ్లు మా వైపు ఇంకా ఉన్నాయి. దయచేసి సవరణ వేయండి. మూల ఎక్కడో కాదు, అదే పేజీలో, అంతే పెద్ద బాక్సులో.

– ఒక రిటైర్డ్ సోషల్ టీచర్, జగిత్యాల